సిపాయి జ్ఞాపకాలా, గృహిణి కథనమా: ముందు ఏది చదవాలి?

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గర కలిసే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. అమెరికా అంతర్యుద్ధాన్ని (1861–65, బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల పోరు) మామూలు మనుషుల మాటల్లో తెలుసుకోవాలంటే సిపాయి శామ్ వాట్కిన్స్‌తో మొదలుపెట్టాలా, గృహిణి మేరీ లాఫ్‌బరోతోనా?

ఖర్చు: రెండూ కాపీరైట్ దాటినవే, నెట్‌లో ఉచితం.

శ్రమ: వాట్కిన్స్ టెనెసీ రాష్ట్రం సిపాయి. నాలుగేళ్లూ తిరుగుతూనే ఉంటాడు, పక్కన మ్యాప్ లేకపోతే తికమకే. లాఫ్‌బరోది దాదాపు ఒకే ఊరు, విక్స్‌బర్గ్. 1863లో ఉత్తరాది సైన్యం దాన్ని 47 రోజులు ముట్టడించింది. ఫిరంగి గుళ్లకు భయపడి జనం కొండల్లో గుహలు తవ్వుకుని బతికారు. జబ్బుపడిన ఆమె చిన్నకూతురికి ఆడుకోమని ఓ సైనికుడు పక్షిని తెచ్చిస్తాడు. కాసేపటికి అదే పక్షి సూపై పాప ముందుకొస్తుంది. ఆ పేజీ దాటడానికి నాకు ఒక రోజు పట్టింది.

నమ్మకం: ఆమె పుస్తకం 1864లోనే వచ్చింది, గాయం పచ్చిగా ఉండగానే. వాట్కిన్స్ రాసింది 1881–82లో, పిల్లలు మోకాళ్ల చుట్టూ మూగుతుంటే. తేదీలకు ఆయన్ని నమ్ముకోవద్దు. ఆకలికీ, అలసటకూ, అధికారుల మీద కోపానికీ నమ్మొచ్చు.

లోటు: ఇద్దరిదీ దక్షిణాది పక్షమే. బానిసల గోడు వాళ్ల నోట వినపడదు. ఇది చిన్న లోటు కాదు. బానిసత్వంలో పుట్టిన సూసీ కింగ్ టేలర్ 1902లో అచ్చువేసిన జ్ఞాపకాలు తప్పక కలిపి చదవండి.

పరీక్షల మధ్య రెండు సాయంత్రాలే ఖాళీ ఉంటే లాఫ్‌బరో. సంక్రాంతి సెలవులు మొత్తం చేతిలో ఉండి, కందకంలో మనిషి ఎలా బతికాడో తెలియాలంటే వాట్కిన్స్.