గంగవాయిలా, పొన్నగంటా?

రెండూ ఎవరూ విత్తకుండానే మొలిచే ఆకుకూరలే. పొన్నగంటికి తడి కావాలి. కాలువ గట్ల వెంట పాకుతూ, కణుపు నేలను తాకిన చోటల్లా వేరు దించుతుంది. ఆకుల మొదట్లో తెల్లని చిన్న పూగుత్తులు దాని గుర్తు. రుచి సౌమ్యం; అంతకన్నా చెప్పుకోవడానికి పెద్దగా లేదు.

గంగవాయిలి అలా కాదు. మండుటెండలోనూ దళసరి ఆకుల్లో, ఎర్రటి కాడల్లో నీరు దాచుకుంటుంది. నీటి ఎద్దడి వస్తే పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రిపూట కార్బన్ డయాక్సైడును పీల్చి పుల్లటి మాలిక్ ఆమ్లంగా నిల్వ చేస్తుంది; పగలు దాన్ని వాడుకుంటుంది. అందుకే అలాంటి మొక్క నుంచి తెల్లవారుజామున కోసిన ఆకు పుల్లగా, సాయంత్రం కోసింది కాస్త చప్పగా ఉంటుంది. ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇంతగా ఉన్న ఆకుకూరలు అరుదు. అయితే ఆక్సలేట్లూ ఎక్కువే. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడేవారు దూరంగా ఉండటం మంచిది.

నా ఓటు గంగవాయిలికే. దాని జిగురు గిట్టనివారికి పొన్నగంటి ఉండనే ఉంది. ఒక్క జాగ్రత్త: గంగవాయిలి అనుకుని తుంచిన కాడ నుంచి పాలు కారితే అది వేరే మొక్క, తినకూడదు.