ఫోమ్ బోర్డు సమాధి రాళ్లు: ఏళ్ల తరబడి వాడిన మీదట

న్యూజెర్సీలో మా ఇంటి ముందు పచ్చికలో ఏటా, అక్టోబరు చివర దయ్యాల అలంకరణలతో జరుపుకునే హాలోవీన్‌కు ఒక చిన్న శ్మశానం వెలుస్తుంది. అందులోవన్నీ మేము గ్యారేజీలో చేసుకున్నవే. వాటిలో పెట్టిన శ్రమకు అన్ని విధాలా న్యాయం చేసినవి సమాధి రాళ్లు కనుక, ప్రధానంగా వాటి గురించే రాస్తున్నాను.

ఇళ్ల గోడల్లో చలి ఆపడానికి వాడే గట్టి పాలీస్టైరీన్ ఫోమ్ బోర్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో గులాబీ లేదా నీలం రంగులో దొరుకుతుంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న ఒక బోర్డులో 2 అడుగుల వెడల్పు రాళ్లు ఆరు వస్తాయి. మామూలు తెల్ల థర్మోకోల్‌లాగా ఇది పూసలు పూసలుగా రాలదు, చెక్కిన అక్షరాల అంచులు పదునుగా నిలుస్తాయి.

రంగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మామూలు స్ప్రే పెయింట్‌లోని ద్రావకాలు ఈ ఫోమ్‌ను కరిగించి గుంటలు చేస్తాయి కాబట్టి, బయటి గోడలకు వేసే, నీటితో కలిసే లేటెక్స్ పెయింట్‌నే కుంచెతో రెండు పూతలు వేయాలి. చూసేవారిని నమ్మించేది ఆ తర్వాతి పని. బూడిద రంగు ఆరాక, బాగా నీళ్లు కలిపిన నల్లరంగును పై అంచున చిలకరించి రాయిని నిలబెడితే, ఆ నీరు అక్షరాల గాళ్లలో ఆగి, అక్కడి నుంచి చారలు చారలుగా కిందికి దిగుతుంది. ఏళ్ల తరబడి వానకు తడిసిన రాతిమీద మరకలు సరిగ్గా అలాగే ఉంటాయి. ఆపైన దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తుగా ఉన్నచోట్ల లేత బూడిద రంగు తాకించి, నీడపడే మూలల్లో పాచి రంగు అద్దితే, దగ్గరికి వచ్చి చూసినా ఫోమ్ అని పోల్చుకోవడం కష్టం. ఈ పనికి ఒక సాయంత్రమంతా కేటాయించమని నా సలహా.

బోర్డు తేలిక కావడం వల్ల గాలికి ఎగిరిపోతుంది. రాతి అడుగున రెండు రంధ్రాలు చేసి పీవీసీ గొట్టపు ముక్కలు అంటించి, నేలలో దిగేసిన ఇనుప కడ్డీలకు వాటిని తొడిగితే అక్టోబరు గాలులను తట్టుకుంటాయి. జిగురు ఫోమ్‌కు పనికొచ్చేదో కాదో డబ్బామీద చూసుకుని కొనాలి.

గోడ పలకల అతుకులు పూడ్చే జాయింట్ కాంపౌండ్ అనే ముద్ద ఐదు పాళ్లు, లేటెక్స్ పెయింట్ ఒక పాలు కలిపి, అందులో గోనెపట్ట ముంచి ఆరబెట్టిన ముసుగు దయ్యం చూడటానికి అద్భుతంగా ఉంటుంది. కానీ బరువు ఎక్కువ, వానలో మెత్తబడుతుంది, అందుకే వరండా కప్పు కిందే నిలపాలి. పల్చని గాజుగుడ్డ దయ్యాలు చవకే గాని, చెట్ల ఆకులు అంటుకుని త్వరగా చిరుగుతాయి.

పొగ యంత్రం నుంచి వచ్చే వేడి పొగను ఐస్ నింపిన పెట్టెగుండా పంపితే, అది చల్లబడి బరువెక్కి రాళ్ల మొదళ్లలో పాకుతుంది. గాలి వీచే రాత్రి ఇది దండగ. వెలుతురు మాత్రం ఏ రాత్రికైనా పనిచేస్తుంది: వరండా దీపం ఆర్పి, నీలం ఎల్‌ఈడీ దీపాన్ని నేలమీద ఒక పక్కగా పెడితే చెక్కిన ప్రతి అక్షరానికీ నీడ పడుతుంది. ఎదురుగా పెడితే అక్షరాలు కనిపించకుండా పోతాయి.

నవంబరులో రాళ్లను శుభ్రంగా తుడిచి, మధ్యలో పాత దుప్పట్లు పరిచి, పడుకోబెట్టి దాచుతాం. అంచులు నొక్కుకుపోతే గోడలకు వాడే తేలికపాటి పుట్టీ నింపి, ఆ మేరకే రంగు వేస్తే చాలు.