హిస్పానో తూటానా, జర్మన్ తూటానా: మొదట ఏది కొంటే మేలు?

ఇంగ్లండ్‌లో పాత సైనిక వస్తువులు అమ్మే సంతలకు వెళ్తే రెండో ప్రపంచ యుద్ధంనాటి విమాన ఫిరంగి తూటాలు బల్లల మీద వరసగా నిలబెట్టి ఉంటాయి. మందు తీసేసి పేలకుండా చేసినవి. వీటిని సేకరించడం మొదలుపెట్టేవాళ్లకు ముందు ఎదురయ్యేవి రెండు: బ్రిటిష్ హిస్పానో ఫిరంగివి, జర్మన్ ఎంజీ 151/20 ఫిరంగివి. రెండిటి గుండు వెడల్పూ 20 మిల్లీమీటర్లే. పక్కపక్కన పెడితే మాత్రం పోలికే ఉండదు. హిస్పానో కేసు (గుండు వెనక మందు ఉండే లోహపు గొట్టం) పొడవు 110 మిల్లీమీటర్లు, జర్మన్‌ది 82.

మొదటిది హిస్పానోయే కావాలంటాను. సులువుగా దొరుకుతుంది, ధర తక్కువ, అన్నిటికంటే ముఖ్యంగా అది తన కథ తానే చెబుతుంది. తిరగేసి చూడండి. అడుగున ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) చుట్టూ అక్షరాలు, ఏడాది చెక్కి ఉంటాయి. ఆర్‌జీ అని ఉంటే చెషైర్‌లోని రాడ్‌వే గ్రీన్ ప్రభుత్వ ఫ్యాక్టరీ. స్పిట్‌ఫైర్, హరికేన్ టూ-సీ, టైఫూన్ అనే బ్రిటిష్ యుద్ధ విమానాల రెక్కల్లో ఉన్నది ఈ ఫిరంగే. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీస్ యాక్షన్‌లో పాల్గొన్న మన వైమానిక దళం టెంపెస్ట్ విమానాలకూ నాలుగేసి హిస్పానోలు ఉండేవి. ఆ సంగతి తెలిశాక చేతిలో ఇత్తడి కేసు బరువే వేరుగా అనిపించింది నాకు.

ఒక్క జాగ్రత్త. నా మొదటి ‘స్పిట్‌ఫైర్ తూటా’ ఇంటికి తెచ్చి కొలిస్తే అది ఓడల మీద వాడే ఓర్లికాన్‌ది అని తేలింది. అమ్మినాయన తెలిసే అంటగట్టాడో, తెలియక ఇచ్చాడో. దాని కేసు కూడా 110 మిల్లీమీటర్లే, అందుకే పొడవు చూసి మోసపోతాం. అడుగు అంచు మీద వేలు పెట్టి చూడండి. హిస్పానోలో అంచు, ఒళ్లు దాదాపు ఒకే వెడల్పు, పైన సీసాలా మెడ ఉంటుంది. ఓర్లికాన్‌లో అంచు ఒంటికన్నా లోపలికి ఉంటుంది, మెడ ఉండదు. ఓర్లికాన్‌లో తూటాను ముందుకు నెట్టే బోల్టు తూటాతోపాటు ఫిరంగి గొట్టంలోకి కొంత దూరం వెళ్లాలి కాబట్టి అంచు చిన్నగా చేశారు. జర్మన్ యుద్ధ విమానం మీ262 జెట్‌లోని 30 మిల్లీమీటర్ల ఎంకే 108 తూటాకూ అంతే.

జర్మన్ తూటాలో గొప్పదనం గుండులో ఉంది. మామూలుగా గుండును లావుపాటి ఉక్కు నుంచి తొలిచి చేసేవారు. జర్మన్లు ‘మినెన్‌గెషోస్’ గుండును కేసులాగే ఉక్కు నుంచి పల్చగా సాగదీసి చేశారు. గోడ సన్నబడింది కాబట్టి 92 గ్రాముల గుండులోనే సుమారు 18 గ్రాముల పేలుడు మందు పట్టింది. బ్రిటిష్ గుండు సుమారు 130 గ్రాములున్నా అంత మందు పట్టేది కాదు. దాని బలం బరువులో, సెకనుకు 860 మీటర్ల వేగంలో ఉంది. ఇంత తెలివైన పనితనం చూడాలంటే నిలువునా కోసిన నమూనా కొనాలి. మూసి ఉన్న గుండు ఎంత చవకగా వచ్చినా నేను తీసుకోను. కేసులో రంధ్రం ఉందంటే కేసు ఖాళీ అని మాత్రమే అర్థం. గుండులో మందు, ముక్కు దగ్గర దాన్ని పేల్చే ఫ్యూజ్ అలాగే ఉండొచ్చు. ఎనభై ఏళ్లు దాటినా ఆ మందుకు ప్రాణం పోదు. అమ్మేవాడి మాట చాలదు, లోపల ఖాళీగా ఉందని కంటితో చూడాలి. పొలంలోనో సముద్రపు ఒడ్డునో దొరికిందైతే ముట్టుకోకుండా దూరం జరిగి 999కు ఫోన్ చేయాలి.

జర్మన్ కేసుల్లో ఉక్కువీ ఉంటాయి, లక్క పూత చూసి ఇత్తడి అనుకోవద్దు. అయస్కాంతం అంటుకుంటే ఉక్కే. ముద్రలో కంపెనీ పేరు బదులు కోడ్ అక్షరాలు ఉంటాయి కాబట్టి చదవడానికి పట్టిక కావాలి. అందుకే కూడా కొత్తవాళ్లకు ఇది రెండో కొనుగోలుగా బాగుంటుంది.

ఇండియా వెళ్లేటప్పుడు మాత్రం ఏదీ సూట్‌కేసులో పెట్టొద్దు. ఖాళీ కేసైనా ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో తూటాలాగే కనిపిస్తుంది, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంట్లోవాళ్లకు చూపించడానికి ఫొటోలు చాలు. టార్చిని పక్క నుంచి వేసి తీస్తే అడుగున అరిగిపోయిన అక్షరాలు కూడా స్పష్టంగా పడతాయి.