ఒకే సర్టిఫికెట్, ఆరేళ్లలో మూడుసార్లు

ఏడబ్ల్యూఎస్ అంటే అమెజాన్ వాళ్ల క్లౌడ్, ఇంటర్నెట్ మీద కంప్యూటర్లు అద్దెకిచ్చే సేవ. దాని సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికెట్ పరీక్ష 2018లో రాశాను, 2021లో రాశాను, 2024లో మళ్లీ రాశాను. మూడుసార్లూ పాసయ్యాను. కాబట్టి దీన్ని ఫెయిలైనవాడి ఏడుపు అనుకోకండి.

మొదటిసారికి ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. అప్పట్లో నేను లినక్స్ అడ్మిన్‌ని. అమీర్‌పేటలో రెండు నెలలు పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కి వెళ్లాను. వీపీసీ, సబ్‌నెట్, రూట్ టేబుల్ లాంటి క్లౌడ్ నెట్‌వర్క్ సంగతులు ఒక వరసలో బుర్రకెక్కాయంటే పరీక్ష టెన్షన్ వల్లే. రెజ్యూమెలో సర్టిఫికెట్ పెట్టాక కాల్స్ కూడా వచ్చాయి.

రెండోసారి నుంచి ఒకటిన్నర మార్కే.

దీని గడువు మూడేళ్లు. మధ్యలో రోజూ అదే పని చేసినా సరే, మళ్లీ 130 నిమిషాలు కూర్చుని 65 ప్రశ్నలు చేయాలి, వెయ్యికి 720 తెచ్చుకోవాలి. ఇప్పుడు ఆ 65లో 15 ప్రశ్నలకు మార్కులే ఉండవు, అవేవో మనకు తెలియదు. ఫీజు 150 డాలర్లు, పైన పన్ను. ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి అది రెండు నెలల హాస్టల్ బిల్లు. పాసైనవాళ్లకు తర్వాతి పరీక్షలో సగం ఫీజు తగ్గిస్తారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ప్రశ్నలు పేరాలకు పేరాలు ఉంటాయి. అన్నీ పనిచేసే జవాబుల్లాగే కనిపిస్తాయి. చివర్లో 'తక్కువ ఖర్చుతో' అన్నాడా, 'తక్కువ నిర్వహణతో' అన్నాడా అన్నదాన్ని బట్టి సరైనది మారిపోతుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు క్లౌడ్ కన్నా ఆ ఇంగ్లిషే కష్టమైంది. మాతృభాష ఇంగ్లిష్ కానివాళ్లు అడిగితే 30 నిమిషాలు ఎక్కువ ఇస్తారు. అయితే స్లాట్ బుక్ చేయకముందే అడగాలి. కోచింగ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. డంప్స్, అంటే బయటికొచ్చిన అసలు పరీక్ష ప్రశ్నలు, ఎక్కడ దొరుకుతాయో మాత్రం మొదటి వారంలోనే చెప్పారు! ఆ డంప్స్ బట్టీపట్టి మూడు సర్టిఫికెట్లు తెచ్చుకున్న ఒకతను మా టీమ్‌లో చేరాడు. వచ్చిన వారానికే సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి, 22వ పోర్టు, లోకమంతటికీ తెరిచిపెట్టాడు.

సరే, ఇదంతా ఎవరి కోసమో నాకు 2021లో అర్థమైంది. ఏడబ్ల్యూఎస్‌కి పార్ట్‌నర్ కంపెనీగా మా కంపెనీ పైస్థాయికి వెళ్లాలంటే సర్టిఫికెట్ ఉన్న ఉద్యోగులు ఇంతమందని చూపించాలి. "నీది ఎక్స్‌పైర్ అయితే మన కౌంట్ పడిపోతుందయ్యా" అన్నాడు అప్పటి మేనేజర్. ఫీజు ముందు మనం కట్టుకోవాలి, పాసైతేనే తిరిగిస్తారు. నా పక్క సీటు అమ్మాయి తక్కువ మార్కులొచ్చి ఫెయిలైంది, డబ్బూ పోయింది. నేను పాసయ్యాను. అప్రైజల్లో దాని ఊసే లేదు.

ఇప్పుడున్నది 2027 దాకా నడుస్తుంది. దీని పైస్థాయి ప్రొఫెషనల్ పరీక్ష పాసైతే ఇదీ దాంతోపాటే రెన్యూ అవుతుంది గానీ దానికి 300 డాలర్లు. కంపెనీ ముందుగా కడితే రాస్తాను. రాస్తే, ఆ 30 నిమిషాలు అడిగే రాస్తాను.