విజయనగరం చుట్టుపక్కల రివాల్వరుతో గురి సాధన: ఏ బట్టు, ఏ బస, ఏ .32

రివాల్వరు లైసెన్సు ఉన్నవాళ్ళలో చాలామంది దాన్ని బీరువాలో పెట్టి, రెన్యువల్‌కి తీసి, ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పజెప్పి, తెచ్చుకుని మళ్ళీ బీరువాలోనే పెట్టేస్తారు. కాల్చి చూసింది తక్కువ. అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక పూట ప్రశాంతంగా కాగితం మీద గురి చూసుకోవాలంటే ఏం కావాలో ఇక్కడ రాస్తున్నాం. మా లెక్కలో గురి రోజుకి బరువున్న రివాల్వరు, ఉప్పుగాలి తగలని బస, ఇసుక ముఖమున్న బట్టు (తూటాలు ఆపే మట్టికట్ట ఉన్న ఫైరింగు రేంజి) ఉండాలి. తేలిక రివాల్వరు, బీచ్ రిసార్టు వినడానికి బాగుంటాయి గానీ ఆ రోజుకి రెండూ పనికిరావు.

ముందు చోటు సంగతి. పెద్ద తూటా కాల్చదగ్గ మట్టికట్ట బట్టులు ఇటువైపు ప్రధానంగా పోలీసులవే. టిక్కెట్టు కొని లోపలికి పోయే వ్యవహారం కాదు. రైఫిల్ అసోసియేషన్ సభ్యత్వం ఉంటే దాని ద్వారా, లేదంటే నేరుగా జిల్లా పోలీసు కార్యాలయానికి, లైసెన్సు నకలు, ఆయుధం నంబరు, తెచ్చే తూటాల సంఖ్య, కావలసిన తేదీ రాసి అర్జీ పెట్టాలి. సిబ్బంది వార్షిక ఫైరింగు నడుస్తున్న రోజుల్లో మనకి చోటు దొరకదు, దొరకాలని అడగడం కూడా సబబు కాదు. అనుమతి రాలేదని జీడితోటలోనో, కళింగపట్నం ఇసుకలోనో డబ్బాలు నిలబెట్టి కాల్చే ఆలోచన చెయ్యకండి. .32 (అంగుళాల్లో బోరు కొలత) తూటా కిలోమీటరు దాటి పోగలదు, దాని దారిలో ఎవరున్నారో మనకి కనబడదు. పైగా లైసెన్సు పోతుంది, కేసు మిగులుతుంది.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్ హాలు వేరే సంగతి. అక్కడ రివాల్వరు కాల్చనివ్వరు, గోడలు అందుకు కట్టినవి కావు. కానీ ట్రిగ్గరు నొక్కడం నేర్చుకోవడానికి అంతకంటే చవకైన చోటు లేదు. .177 బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న గాలి పిస్టలుకి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి వెంట వచ్చిన ఇంట్లోవాళ్ళు కూడా ప్రయత్నించవచ్చు. బట్టుకి వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఒక గంట అక్కడ గడిపితే, మర్నాడు రివాల్వరుతో మొదటి ఆరు తూటాలు వృథా కావు.

బట్టు మంచిదో కాదో చెప్పేది షెడ్డు రంగు కాదు, కట్ట ముఖం. మన వైపు ఎర్రమట్టిలో గులకరాళ్ళు ఎక్కువ. రాయి తేలిన కట్టకి తగిలిన సీసపు తూటా చిట్లి పక్కకి ఎగురుతుంది. వర్షాకాలం దాటాక కట్ట ముఖం కొట్టుకుపోయి రాళ్ళు బయటపడతాయి, అందుకని అక్టోబరు, నవంబరు తుఫాన్ల తర్వాత వెళ్ళేవాళ్ళు ముందు కట్ట దాకా నడిచి చూసుకోవాలి. పైన జల్లెడ పట్టిన ఇసుక వేసి ఉంటే నిశ్చింత. రెండోది దిక్కు. తూర్పు ముఖంగా కాల్చే బట్టులో ఉదయం పది దాకా ఎండ ఎదురుగా కళ్ళలో పడి ముందు సైటు (గురి చూడ్డానికి గొట్టం కొనన ఉండే ముక్క) సరిగ్గా కనబడదు. పడమర ముఖంగా ఉంటే పొద్దున్న ఏడు నుంచే హాయి. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేచి కాగితాలు కొట్టుకుంటాయి, చెయ్యీ కదులుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూటే మంచి సమయం.

సౌకర్యాల్లో మేం చూసిన లోటు ఎక్కువగా టార్గెట్ చట్రాల దగ్గర. చెక్క చట్రానికి చెదలు పట్టి, గాలికి ఊగుతుంటుంది. బైండింగు క్లిప్పులు, దళసరి అట్ట, స్టేప్లరు మనమే పట్టుకెళ్తే గొడవ లేదు. తాగునీళ్ళ క్యాను కూడా. రేకుల షెడ్డు కింద నిలబడి కాలిస్తే చప్పుడు తిరిగి చెవికే కొడుతుంది. చెవిలో స్పాంజి బిరడా పెట్టి, పైన మఫ్ పెట్టుకోవాలి, ఒక్కటి చాలదు. ఎర్రజెండా, రేంజి అధికారి గొంతు, ఆయన ‘ఆగండి’ అనగానే అందరూ ఆగడం: ఇవి ఉన్నచోట మిగతా లోట్లు మన్నించవచ్చు.

ఇక రివాల్వర్లు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక లైసెన్సుదారు రెండు ఆయుధాలకి మించి ఉంచుకోకూడదు. కాబట్టి నాలుగైదు రివాల్వర్లు పక్కపక్కన పెట్టి చూడాలంటే ఇద్దరు ముగ్గురు లైసెన్సుదారులు కలవాల్సిందే. ఎవరిది వాళ్ళే కాల్చాలి. ఇంకొకరిది పట్టి చూడాలంటే రేంజి అధికారి ఒప్పుకోవాలి, ఆయుధం సొంతదారు పక్కనే ఉండాలి. అందరివీ .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) లాంగ్ తూటావే అయితే పోలిక న్యాయంగా ఉంటుంది. ఒకే పెట్టెలోవి, ఒకే లాటువి వాడాలి.

తూటా దగ్గరే ఒక హెచ్చరిక. పిస్టలు తూటా కూడా .32 అనే అంటారు, 7.65 మిల్లీమీటర్లది. అది చాలా .32 రివాల్వర్ల చాంబర్లో (తూటా పెట్టే గదిలో) దూరుతుంది, పేలుతుంది కూడా. కానీ దాని ఒత్తిడి ఎక్కువ. వంచి తెరిచే పాతరకం రివాల్వరు గొళ్ళేన్నీ కీలునీ అది పాడుచేస్తుంది. రివాల్వరూ పిస్టలూ రెండూ ఉన్నవాళ్ళు ఆ రెండు తూటా పెట్టెలూ ఒకే సంచిలో తేకూడదు.

కాన్పూరు తయారీ ఐఓఎఫ్ (ఇండియన్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీస్) .32 మార్క్ 3 మన దగ్గర ఎక్కువమందికి తెలిసినది. పాత బ్రిటిషు వెబ్లీ రివాల్వరు పద్ధతిలో గొళ్ళెం నొక్కి, గొట్టం కిందికి వంచితే కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు ఆరూ ఒకేసారి పైకి లేస్తాయి. ఈ తెరవడంలోనే తప్పు జరుగుతుంది. మెల్లగా తెరిస్తే తొడుగు సగమే లేచి, నక్షత్రంలా ఉండే ఎక్స్‌ట్రాక్టరు దాని అంచు మీదుగా వెనక్కి పడిపోతుంది. తొడుగు దానికింద ఇరుక్కుంటుంది, రివాల్వరు మూయలేం. పక్కకి వాల్చి ఒక్క ఊపున పూర్తిగా తెరిస్తే ఆ బెడద ఉండదు. కొనేవాళ్ళు, పాతది వాడేవాళ్ళు గొట్టాన్నీ పిడినీ పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడాలి. గొళ్ళెం అరిగి ఆట (వదులు) వస్తే తూటాలు కాగితం మీద నిలువుగా చెదురుతాయి. గురి తప్పు మనదనుకుని ఎంత సాధన చేసినా ఆ చెదురు తగ్గదు. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గరు లాగుడే సుత్తిని కూడా ఎత్తి వదిలేటప్పుడు, ట్రిగ్గరు బరువు ఎక్కువ. సుత్తి ముందే లాగి సింగిల్ యాక్షన్‌లో కాలిస్తే ఇదే రివాల్వరు వేరేదానిలా అనిపిస్తుంది.

2014లో వచ్చిన నిర్భీక్ కూడా .32నే, టైటానియం మిశ్రమంతో సుమారు అరకిలో బరువు. సంచిలో మోయడానికి చేసినది, ఆ పని బాగా చేస్తుంది. గురి రోజుకి మాత్రం మేం దీన్ని చివరికి పెడతాం. బరువు తగ్గిన కొద్దీ అదే తూటా చేతిని గట్టిగా తంతుంది. పన్నెండు తూటాలయ్యేసరికి వేలు ట్రిగ్గరు మీద పడకముందే చెయ్యి బిగుసుకోవడం మొదలవుతుంది. అందుకే వరుస ముఖ్యం: బరువైనది ముందు, తేలికది ఆఖర్న. తిరగేస్తే తేలికదాని బెదురు మిగతావాటి కాగితాల్లోనూ కనబడుతుంది.

2023లో వచ్చిన ప్రబల్ సిలిండరు (తూటాలు నింపే, తిరిగే డబ్బీ) పక్కకి తెరుచుకునే రకం. గొట్టం 76 మిల్లీమీటర్లు, బరువు సుమారు 700 గ్రాములు. కాల్చడానికి, నింపడానికి సుఖం ఇందులో ఎక్కువ, చట్రం ఒకే ముక్క కాబట్టి గొళ్ళెం ఆట అనే సమస్యే లేదు. పక్కకి తెరిచే వాటిలో తొడుగులు తీసేటప్పుడు గొట్టం ఆకాశం వైపు ఉంచి తొడుగుల్ని తోసే కడ్డీని అరచేత్తో ఒక్కసారి పూర్తిగా నొక్కాలి. నేలవైపు ఉంచి నొక్కితే కాలని మందు రవ్వలు ఎక్స్‌ట్రాక్టరు కిందికి చేరతాయి. ఒక్క రవ్వ చాలు, సిలిండరు బిగిసి ట్రిగ్గరు కదలదు. పాత టూత్‌బ్రష్షుతో దులిపితే మళ్ళీ దారికొస్తుంది.

తాతల నాటి స్మిత్ అండ్ వెస్సన్, కోల్ట్ ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. ఈ .32 లాంగ్ తూటా 1896లో స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వరుతో పుట్టిందే. స్మిత్‌లో సిలిండరు తెరిచే గొళ్ళెం ముందుకి తోయాలి, సిలిండరు అపసవ్యంగా తిరుగుతుంది. కోల్ట్‌ది వెనక్కి లాగాలి, సవ్యంగా తిరుగుతుంది. రెండూ మార్చిమార్చి కాల్చేటప్పుడు, సగం కాల్చిన సిలిండరు మూయాల్సి వస్తే తరవాతి తూటా ఎటువైపు ఉండాలో ఇక్కడే పొరపడతారు. ఆరంగుళాల గొట్టం, తిప్పి సరిచేసుకునే వెనక సైటు ఉన్న స్మిత్ దొరికిన రోజు మిగతావన్నీ పక్కన పెట్టేయవచ్చు.

ఎందుకో లెక్క చూడండి. రెండు సైట్ల మధ్య దూరం 115 మిల్లీమీటర్లున్న పొట్టి రివాల్వరులో సైటు అర మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దగ్గర తూటా 43 మిల్లీమీటర్లు తప్పుతుంది, 25 మీటర్ల దగ్గర దాదాపు 109. ఆ దూరం 190 ఉన్న పొడుగు రివాల్వరులో అవే 26, 66. పోటీల్లో వాడే 25 మీటర్ల ప్రెసిషన్ కాగితం మీద పది వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లే. కనుక పొట్టివాటిని 10 మీటర్ల దగ్గర, పొడుగువాటిని 25 దగ్గర తూచడమే సరైన పద్ధతి.

ఒక్కో రివాల్వరుకి 18 తూటాలు చాలు: ఆరు ఇసుక సంచి మీద ఆనించి, ఆరు నిలబడి రెండు చేతులతో సింగిల్ యాక్షన్, ఆరు డబుల్ యాక్షన్. ప్రతి ఆరుకీ కొత్త కాగితం, మూల మీద రివాల్వరు పేరు. సంచి మీద గుంపు (ఆరు రంధ్రాలూ దగ్గరదగ్గరగా పడటం) బాగుండి చేతిలో చెదిరితే లోపం చేతిది. సంచి మీదే చెదిరితే రివాల్వరుది లేదా తూటాది. కుడిచేతి వాళ్ళకి గుంపంతా కింద ఎడమకి పడితే ట్రిగ్గరు గుంజుతున్నారని అర్థం, సైటు జోలికి పోకండి. గుండ్రటి మూతి తూటా కాగితాన్ని చింపుతుంది, రంధ్రం అంచు తెలియదు. వెనక దళసరి అట్ట అంటించాల్సింది ఇందుకే.

సుత్తి పడి పేలకపోతే గొట్టం కట్టవైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. వెంటనే మళ్ళీ ట్రిగ్గరు నొక్కితే సిలిండరు తిరిగి, ఆలస్యంగా పేలే తూటా గొట్టానికి ఎదురుగా లేని చోటికి పోతుంది. చప్పుడు బలహీనంగా వచ్చి కాగితం మీద రంధ్రం లేకపోతే అక్కడితో ఆపాలి, తూటా గొట్టంలోనే ఉండి ఉండవచ్చు. సిలిండరుకీ గొట్టానికీ మధ్య సందులోంచి మంట, సీసం చిమ్ముతాయి. వేళ్ళు అక్కడికి రానివ్వకూడదు, పక్కవాడికీ కళ్ళద్దాలు ఉండాలి.

బస విషయంలో భీమిలి, భోగాపురం తీరంలో దిగాలనిపించడం సహజం. కానీ నల్లపూత ఉక్కుకి ఉప్పుగాలి ఒక్క రాత్రి చాలు. కాల్చిన మసి, వేలి చెమట కలిస్తే పొద్దుటికి సిలిండరు గాడుల్లో గోధుమరంగు చుక్కలు తేలతాయి. తోలు ఒరలో పెడితే తోలు తేమ పీల్చి ఇంకా త్వరగా పడతాయి. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వేస్టేషను చుట్టుపక్కల లాడ్జీలు రొద అయినా బట్టుకి పొద్దున్నే చేరడానికి అనువు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి వైపు దిగితే భోజనానికి ఇబ్బంది లేదు. రైల్లో వచ్చేవాళ్ళు శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఆమదాలవలసలో ఉందని, అక్కడి నుంచి పట్నం పదమూడు కిలోమీటర్ల దాకా ఉందని గుర్తుంచుకోవాలి.

గది తీసుకునేటప్పుడే లైసెన్సు ఆయుధం ఉందని చెప్పండి. కాదనేవాళ్ళున్నారు, చివరి నిమిషంలో తెలియడం కంటే ఫోన్లో తెలియడం మేలు. గది అల్మరా తాళం నమ్మదగ్గది కాదు. తాళమున్న గట్టి పెట్టెలో రివాల్వరు, వేరే పెట్టెలో తూటాలు, రెండిటి దగ్గరా ఎప్పుడూ ఒక లైసెన్సుదారు. అరసవల్లి, రామతీర్థం దర్శనం పెట్టుకున్నవాళ్ళు దాన్ని బట్టు రోజుతో కలపవద్దు. గుడిలోకి ఆయుధం తీసుకెళ్ళలేం, కారులో వదిలి వెళ్ళకూడదు. లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర భద్రానికి అప్పజెప్పి రసీదు తీసుకునే వీలుంటే అప్పుడు తిరగవచ్చు. లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ఆ గడి ముందే చూసుకోవాలి, ఒడిశా వైపు నుంచి ఇచ్ఛాపురం మీదుగా వచ్చేవాళ్ళకి ఇది మరీ అవసరం.

కాల్చడం అయ్యాక అన్నానికి ముందు చేతులు, ముఖం సబ్బుతో కడగాలి, సీసం కనబడకుండా అంటుకుంటుంది. శుభ్రం చేయడం అదే పూట: గొట్టంలోనూ ఆరు చాంబర్లలోనూ ఇత్తడి బ్రష్షు పది సార్లు, తర్వాత గుడ్డ తెల్లగా వచ్చేదాకా, ఆఖర్న పలచని నూనె పూత. చాంబర్లలో నూనె మిగలకూడదు, తూటా అడుగు క్యాపులోకి దిగితే ఆ తూటా పేలదు.