డాక్టర్ చదువుకు ముందు నాలుగేళ్లు: మూడు అమెరికా ఆనర్స్ కాలేజీలపై సమీక్ష

మా అక్క కూతురు న్యూజెర్సీలో పుట్టింది. ఆరో తరగతికల్లా తల్లిదండ్రులతో హనుమకొండకు తిరిగివచ్చి, బైపీసీ ఇక్కడే పూర్తిచేసింది. అమెరికా పౌరసత్వం ఉంది కాబట్టి డాక్టర్ చదువు అక్కడే చదవాలన్నది ఆమె పట్టుదల. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేనమామను నేనే కావడంతో, ఏ విశ్వవిద్యాలయమో తేల్చే పని ఇంట్లోవాళ్లు నాకు అప్పగించారు. పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్ వారి ష్రేయర్ ఆనర్స్ కాలేజీ, అరిజోనా స్టేట్ యూనివర్సిటీలోని బ్యారెట్ ఆనర్స్ కాలేజీ, డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డల్లాస్ ఆనర్స్ కాలేజీ, ఈ మూడింటి (ఆనర్స్ కాలేజీ అంటే విశ్వవిద్యాలయంలోనే ప్రతిభ గల విద్యార్థుల కోసం నడిపే ప్రత్యేక విభాగం) నియమాలు, ఫీజులు, కోర్సుల వివరాలు చదివి, అక్కడున్న మన పిల్లలతో మాట్లాడిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఇది. అమెరికా వెళ్లి తిరిగివచ్చిన కుటుంబాలు వరంగల్, కరీంనగర్ వైపు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఇప్పుడు పదో తరగతికో ఇంటర్‌కో వచ్చారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మన దగ్గర నీట్ రాసిన పిల్లలు పద్దెనిమిదేళ్లకే ఎంబీబీఎస్‌లో చేరిపోతారు. అమెరికాలో ముందు నాలుగేళ్ల డిగ్రీ, దాని తరువాత నాలుగేళ్ల ఎం.డి. (మన ఎంబీబీఎస్ లాంటిది), ఆపైన రెసిడెన్సీ అనే ఆసుపత్రి శిక్షణ. డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా ఉండవచ్చు గానీ బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్‌లను ల్యాబ్‌లతో సహా పూర్తిచేయాలి. చాలా మెడికల్ కాలేజీలు బయోకెమిస్ట్రీని కూడా అడుగుతాయి. ఆ తరువాత మెడికల్ కాలేజీల ప్రవేశానికి ఎంక్యాట్ పరీక్ష ఉంటుంది. దాని స్కోరు 472 నుంచి 528 మధ్యన వస్తుంది. మెడికల్ కాలేజీల్లో చేరినవారి సగటు 511 పైన, డిగ్రీ జీపీఏ (గ్రేడుల సగటు) 4కు 3.75 పైన ఉంటున్నాయి. దరఖాస్తు చేసినవారిలో సగానికి మించి ఆ ఏడాది సీటు దొరకదు. అందుచేత ఈ నాలుగేళ్లు ఎక్కడ, ఎలా గడుస్తాయన్నదే అసలు ప్రశ్న.

ముందుగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీన్ని చెప్పకుండానే ఫీజులు కట్టించుకునేవాళ్లు ఉన్నారు. అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో లేని విద్యార్థిని అక్కడి మెడికల్ కాలేజీల్లో ఎక్కువ శాతం అసలు పరిశీలించనే పరిశీలించవు. పరిశీలించేవాటిలో కొన్ని నాలుగేళ్ల ఫీజును ముందే జమచేయమంటాయి. ఇక్కడినుంచి ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై డిగ్రీకి వెళ్లి, ఆ తరువాత మెడిసిన్ చదువుదామనుకునే పిల్లలకు ఎంత గొప్ప ఆనర్స్ కాలేజీ అయినా ఈ అడ్డంకిని తొలగించలేదు. ఉద్యోగ వీసా మీదున్నవారి పిల్లలకు ఇచ్చే హెచ్-4 మీద అక్కడే పెరుగుతున్న పిల్లలకు కూడా ఇరవై ఒక్క ఏళ్లు నిండగానే ఆ వీసా పోతుంది. ఆ ఇంటి పెద్దలు ఈ సమీక్ష కంటే ముందు ఒక వలస న్యాయవాదిని కలవడం మంచిది.

ఇక ఆనర్స్ విషయం. మెడికల్ కాలేజీలకు ఉమ్మడిగా దరఖాస్తులు తీసుకునే ఆమ్‌కాస్ విధానంలో ఆనర్స్ తరగతిలో వచ్చిన ‘ఎ’ గ్రేడుకూ మామూలు తరగతిలో వచ్చిన ‘ఎ’ గ్రేడుకూ తేడా లేదు. అదనపు మార్కులు కలపరు. పైగా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం గ్రేడులతో విడిగా ఒక సైన్స్ జీపీఏ లెక్కకడతారు, తప్పిన కోర్సును మళ్లీ చదివితే పాత గ్రేడునూ కొత్త గ్రేడునూ రెండింటినీ కలుపుతారు. కాబట్టి ఆనర్స్ అన్న ముద్ర కోసం ఈ కాలేజీల్లో చేరడంలో అర్థం లేదు. చేరవలసింది ఆ ముద్ర వెనక ఉన్న సదుపాయాల కోసం: ఇరవై ముప్పై మంది కూర్చునే తరగతులు, మన పేరు తెలిసిన ప్రొఫెసర్లు, మొదటి ఏడాదిలోనే ల్యాబ్‌లో చోటు, అందరికంటే ముందు కోర్సులు ఎంచుకునే అవకాశం. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాని ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ నిండిపోయి ఒక సెమిస్టర్ వెనకబడితే ఎంక్యాట్ వెనకబడుతుంది, ఎంక్యాట్ వెనకబడితే దరఖాస్తు ఒక సంవత్సరం వెనకబడుతుంది. ఇక రికమండేషన్ లెటర్. మూడొందల మంది కూర్చునే హాలులో చివరి వరుసలో ఉన్న విద్యార్థి గురించి ఏ ప్రొఫెసరూ ఒక పేజీ నిండా రాయలేడు. నా దగ్గర చదివిన పిల్లలకు నేను రాసిచ్చిన లేఖల్లో బలంగా ఉన్నవన్నీ, ల్యాబ్‌లో నా పక్కన నిలబడి పనిచేసినవాళ్లవే.

ఆర్గానిక్ కెమిస్ట్రీ గురించి నా వృత్తి రీత్యా ఇంకొంచెం చెప్పాలి. ఇంటర్‌లో మనం పేరున్న చర్యలను, వాటి ఉత్పన్నాలను బట్టీ పట్టించి బిట్లకు సిద్ధం చేస్తాం. అక్కడ ఎలక్ట్రాన్ జంట ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో బాణాలు గీసి, ఎందుకు కదిలిందో రాయమంటారు. మన దగ్గర మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి పరీక్షలో తడబడే చోటు ఇది. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఆనర్స్ సెక్షన్‌కు ప్రశ్నలు ఇంకా కఠినంగా ఉంటాయి. ఇక్కడ బ్యారెట్, ష్రేయర్‌లలో ఉన్న ఒక ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మామూలు తరగతిలోనే కూర్చుని, ప్రొఫెసర్‌తో ఒప్పందం చేసుకుని అదనంగా ఒక చిన్న పరిశోధనో వ్యాసమో చేస్తే, దాన్ని ఆనర్స్ కోర్సుగా లెక్కిస్తారు. గ్రేడు కాపాడుకోవాలి, ప్రొఫెసర్‌కు దగ్గర కావాలి అనుకునే విద్యార్థికి రెండూ ఒకే చోట దొరుకుతాయి. ఏ ఆనర్స్ కాలేజీని చూసినా ఈ వెసులుబాటు ఉందో లేదో మొదట అడగండి.

ష్రేయర్‌కు 1997లో ఒక దాత కుటుంబం ఇచ్చిన పెద్ద విరాళంతో ఆ పేరు వచ్చింది. చదువు పరంగా మూడింటిలో నాకు ఎక్కువ గౌరవం దీని మీదే కలిగింది. థీసిస్ తప్పనిసరి, పేరుకు ఒక నివేదిక ఇచ్చి బయటపడడం కాదు, ఒక ప్రొఫెసర్ పర్యవేక్షణలో నెలల తరబడి చేసిన పని చూపించాలి. జీపీఏ 3.40కి తగ్గకూడదు. మెడిసిన్‌కు వెళ్లాలంటే ఎలాగూ అంతకంటే చాలా ఎక్కువ కావాలి కాబట్టి ఆ నిబంధన మమ్మల్ని భయపెట్టలేదు. ఇబ్బంది వేరే ఉంది. ష్రేయర్ ఉన్న స్టేట్ కాలేజ్ అన్నది ఒక చిన్న ఊరు. పెన్ స్టేట్ మెడికల్ కాలేజీ ప్రధాన క్యాంపస్ అక్కడ లేదు, సుమారు రెండు గంటల ప్రయాణ దూరంలో హెర్షీలో ఉంది. ఊళ్లో ఆసుపత్రి ఉంది గానీ, అన్ని రకాల రోగులనూ చూసే అవకాశం పెద్ద నగరంలో దొరికినంతగా దొరకదు. పెన్సిల్వేనియా నివాసి కాని విద్యార్థికి ఫీజు బరువు కూడా చాలా ఎక్కువ. అక్కడ నివాసం ఉన్న కుటుంబమైతే నేను రెండో ఆలోచన లేకుండా ష్రేయర్‌నే సూచించేవాణ్ణి.

బ్యారెట్ 1988లో మొదలైంది. ఇంటెల్ సంస్థను నడిపిన క్రెయిగ్ బ్యారెట్, ఆయన భార్య బార్బరా ఇచ్చిన విరాళంతో 2000లో వారి పేరు పెట్టారు. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లు ‘ద హ్యూమన్ ఈవెంట్’ అనే కోర్సు ఉంటుంది. ప్రాచీన కాలం నుంచి నేటిదాకా వచ్చిన ముఖ్య గ్రంథాలను చదివి, చిన్న బృందంగా కూర్చుని చర్చించి, వ్యాసాలు రాయాలి. మా అమ్మాయి మొదట, “మామా, డాక్టర్ అవుదామంటే ఇదెందుకు?” అంది. నేను ఒప్పుకోలేదు. ఎంక్యాట్‌లో నాలుగో వంతు కేవలం చదివి అర్థం చేసుకునే భాగమే. బిట్లకు అలవాటుపడ్డ మన పిల్లలు వెనకబడేది అక్కడే. ఫీనిక్స్ మహానగరం, మేయో క్లినిక్ అనే పేరున్న ఆసుపత్రి దగ్గరలో ఉండడం, ఆ క్లినిక్ మెడికల్ కాలేజీకి అరిజోనాలో ఒక క్యాంపస్ ఉండడం బ్యారెట్‌కు పెద్ద బలాలు. ఆనర్స్ విద్యార్థుల దగ్గర విడిగా ఒక ఫీజు వసూలు చేయడం, విశ్వవిద్యాలయం మరీ పెద్దది కావడం నన్ను కొంత వెనక్కి లాగాయి.

చివరికి మేము ఎంచుకున్నది యూటీ డల్లాస్. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థాపకులు 1961లో నెలకొల్పిన పరిశోధనా కేంద్రం 1969లో టెక్సాస్ విశ్వవిద్యాలయ వ్యవస్థలో చేరి ఈ రూపం దాల్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులను తీసుకోవడం 1990లో గాని మొదలుకాలేదు. పేరు ప్రతిష్ఠల్లో మిగతా రెండింటితో సమానమని నేను అనను. ఎంచుకోవడానికి మొదటి కారణం డబ్బు. టెక్సాస్ చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయం పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వచ్చిన బయటి విద్యార్థికి రాష్ట్ర నివాసితో సమానమైన ఫీజు వర్తింపజేయవచ్చు. ఆ విశ్వవిద్యాలయం ప్రతిభ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ మా అమ్మాయికి రావడంతో లెక్క మొత్తం మారిపోయింది. రెండో కారణం, డల్లాస్ నగరంలోనే యూటీ సౌత్‌వెస్టర్న్ మెడికల్ సెంటర్ ఉంది. ఆసుపత్రి అనుభవానికీ పరిశోధనకూ ఊరు దాటాల్సిన పని లేదు. మూడోది, ఆ చుట్టుపక్కల మన బంధువులు ఉన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లకు పండగపూట వెళ్లడానికి ఒక ఇల్లుండడం చదువుకూ మేలేనని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బుకు ఇంత ప్రాధాన్యం ఎందుకిచ్చానో వివరించాలి. 2025 జూలైలో అమెరికాలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకు ప్రభుత్వ రుణం ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 డాలర్లు దాటదు. మిగతా ఖర్చుకు ఇంతకుముందు ఆధారంగా ఉన్న గ్రాడ్ ప్లస్ రుణాన్ని ఎత్తివేశారు. చాలా మెడికల్ కాలేజీల ఖర్చు ఈ పరిమితిని దాటిపోతుంది. డిగ్రీకే పొలం అమ్మేసి, ఎం.డి.కి వచ్చేసరికి ప్రైవేటు బ్యాంకు వడ్డీకి తలవంచడం కంటే, ఈ నాలుగేళ్లలో మిగిలిన ప్రతి రూపాయినీ ఆ నాలుగేళ్లకు దాచిపెట్టడం తెలివైన పని. ఆనర్స్ కాలేజీలు ఇచ్చే స్కాలర్‌షిప్‌ను ఈ కోణంలోనే తూచాలి. అది ఏటా కొనసాగాలంటే ఎంత జీపీఏ ఉండాలో, ఒక సెమిస్టర్ తగ్గితే మళ్లీ అవకాశం ఇస్తారో లేదో లిఖితపూర్వకంగా తీసుకోండి.

హనుమకొండలో ఒక సలహా సంస్థకు కూడా వెళ్లాం. ర్యాంకుల పట్టిక చేతిలో పెట్టి, “ఆనర్స్ సర్టిఫికెట్ ఉంటే మెడికల్ సీటు గ్యారంటీ సార్” అన్నారు. లెటర్లు ఎవరు రాస్తారు, ఆసుపత్రిలో పని ఎప్పటినుంచి మొదలుపెట్టాలి, నివాసి హోదా ఎలా లెక్కిస్తారు అని అడిగితే జవాబు లేదు. మేము అడగని మరో విశ్వవిద్యాలయం పేరు మాత్రం పదేపదే ముందుకు తెచ్చారు. వీసా పత్రాలు నింపించుకోవడం వరకు ఇలాంటి చోట్లకు వెళ్లవచ్చు. పిల్లల భవిష్యత్తు తేల్చుకోవడానికి మాత్రం వెళ్లకూడదు.

ఇంత దూరం ఎందుకు, వరంగల్‌లో మన కాకతీయ మెడికల్ కాలేజీ లేదా అని మా బావగారే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1959 నుంచి నడుస్తున్న కాలేజీ అది. దాని అనుబంధ ఎంజీఎం ఆసుపత్రిలో ఒక విద్యార్థి చూసినన్ని కేసులు చాలా దేశాల్లో చూడలేరు. అక్కడ చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు ఎందరో ఉన్నారు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డును 2021 మార్చి 4కు ముందే తీసుకున్న పిల్లలు నీట్‌లో ఎన్నారై సీట్లకే పరిమితం కానక్కరలేదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. మా అమ్మాయి కార్డు అంతకుముందుదే. రెండు దారులూ ఆమె ముందు పెట్టాం, ఇష్టం ఆమెది.

యూటీ డల్లాస్ మీద నాకున్న అసంతృప్తిని దాచను. సొంత మెడికల్ కాలేజీ లేదు. అంతకంటే పెద్ద విషయం, టెక్సాస్‌లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో చాలావాటిలో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్ర నివాసులకే ఇవ్వాలి. ఫీజు తగ్గినంత మాత్రాన, చదువు కోసం వచ్చి నాలుగేళ్లు ఉన్నంత మాత్రాన మా అమ్మాయి నివాసి అయిపోదు. తల్లిదండ్రులు ఇక్కడే హనుమకొండలో ఉన్నారు కాబట్టి ఆమెను బయటి విద్యార్థిగానే లెక్కిస్తారు. డిగ్రీ ముగిశాక అక్కడే ఉద్యోగం చేస్తూ, తన కాళ్ల మీద తాను నిలబడి పన్నెండు నెలలు స్థిరనివాసం చూపించుకుంటే ఆ హోదా వచ్చే మార్గం ఉంది. మెడికల్ కాలేజీలకు వెళ్లేవారిలో చాలామంది ఎలాగూ ఒకటి రెండేళ్లు ఆసుపత్రిలోనో పరిశోధనలోనో పనిచేశాకే వెళుతున్నారు. ఆ ఏడాదిని మొదటినుంచే లెక్కలో వేసుకుని నిర్ణయం తీసుకున్నాం, మా అక్క కూడా దానికి మనస్ఫూర్తిగానే ఒప్పుకుంది.