పాత ఆక్టావియా ఆర్ఎస్‌కి ఏ ఇంజన్ ఆయిల్? పదేళ్లు వాడాక నా అనుభవం

నా దగ్గరున్నది 2004 స్కోడా ఆక్టావియా ఆర్ఎస్, పసుపు రంగుది. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, సిలిండర్‌కి ఐదు చొప్పున మొత్తం ఇరవై వాల్వులు, మన దగ్గర అమ్మిన బండికి పవర్ 150 హెచ్‌పీ. 2015లో 78 వేల కిలోమీటర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పుడు 1,52,000 దాటింది. ఈ పదేళ్లలో పదిహేడు సార్లు ఆయిల్ మార్చాను. ఇలాంటి బండి ఉన్న వాళ్లు "ఏ ఆయిల్ వాడుతున్నావు" అని అడిగితే ఒక బ్రాండ్ పేరు చెప్పి వదిలేయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే నా బండి చావుబతుకుల దాకా వెళ్లింది బ్రాండ్ వల్ల కాదు.

కొన్నప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేస్తే నాలుగైదు సెకన్లు టాపెట్ సౌండ్, అంటే ఇంజన్ పైభాగంలో వాల్వుల దగ్గర టకటకమనే మోత వచ్చేది. అప్పట్లో నేను వెళ్లిన గ్యారేజ్‌లో "పాత బండి సార్, ఇంజన్ లూజ్ అయింది, చిక్కటి ఆయిల్ పోద్దాం" అన్నారు. పాత ఆయిల్ తీసేసి, లోపల శుభ్రం అవుతుందని డీజిల్ పోసి పది నిమిషాలు ఇంజన్ నడిపించి, తర్వాత 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ పోశారు. సౌండ్ నిజంగానే తగ్గింది. నాకూ చాలా సంతోషం వేసింది.

2016 మే నెలలో శ్రీశైలం వెళ్లి వస్తున్నాం, బండిలో అమ్మానాన్న కూడా ఉన్నారు. మన్ననూరు ఘాట్ దిగాక మీటర్‌లో ఎర్ర ఆయిల్ క్యాన్ గుర్తు వెలిగి బీప్ బీప్ అని మోత మొదలైంది. వెంటనే పక్కకు ఆపి ఇంజన్ ఆఫ్ చేశాను. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ ఫుల్లుగా ఉంది. అసలు టెన్షన్ అక్కడే పట్టుకుంది. ఆయిల్ ఉంది, కానీ పైకి అందడం లేదు. "లైట్ వచ్చినా మెల్లగా పోనిద్దాం, కల్వకుర్తిలో ఎవరైనా మెకానిక్ దొరుకుతాడు" అని నాన్న అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. అమ్మానాన్నల్ని బస్సు ఎక్కించి, బండిని లారీ మీద హైదరాబాద్ తెచ్చుకున్నాను. ఆ రోజు ఇంకో పది కిలోమీటర్లు నడిపి ఉంటే ఇంజన్ బోర్ పనికి వచ్చి ఉండేది, బహుశా ఈ బండి నా దగ్గర ఉండేది కాదు.

ఇప్పటికీ నా బండి చూసే మెకానిక్ అన్న పరిచయమైంది అప్పుడే. ఆయన ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించి, లోపల పంపుకి ఆయిల్ పీల్చే గొట్టం చివర ఉండే జాలీ నా చేతిలో పెట్టాడు. సగానికి పైగా కాటుక ముద్దలా నల్లటి మడ్డితో మూసుకుపోయింది. ముందు ఓనర్ దగ్గర మామూలు ఆయిల్‌తో ఏడాదికోసారి మాత్రమే సర్వీస్ జరిగింది, అలా ఏళ్ల తరబడి ఇంజన్ పైభాగమైన హెడ్‌లోనూ చాంబర్‌లోనూ పేరుకున్న మడ్డిని డీజిల్ కదిలించింది, కదిలినదంతా వచ్చి జాలీకి పట్టుకుంది. పైన చిక్కటి ఆయిల్ పోయడం వల్ల కొన్ని నెలలు సౌండ్ వినపడలేదు, అంతే. ఈ ఇంజన్‌కి మడ్డి బెడద కొత్తది కాదు. అమెరికాలో ఇదే 1.8 టర్బో ఉన్న పసాట్, ఆడి ఏ4 కార్లకు స్కోడా మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ 2004లో ఈ ఒక్క సమస్య కోసమే వారంటీని ఎనిమిదేళ్లకు పెంచింది.

చిక్కటి ఆయిల్ పోస్తే గేజ్‌లో ప్రెజర్ ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ ప్రెజర్ వేరు, ఆయిల్ పారడం వేరు. సన్నటి దారుల్లోంచి చిక్కటి ఆయిల్ నెమ్మదిగా పోతుంది కాబట్టే ప్రెజర్ పెరుగుతుంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోలో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, అది ఆనుకుని తిరిగేది పల్చటి ఆయిల్ పొర మీదే. స్టార్ట్ చేసిన మొదటి సెకన్లలో అక్కడికి ఆయిల్ చేరడం ముఖ్యం. ఈ ఇంజన్‌లో వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌ల మధ్య ఉండే చిన్న చైన్‌ని బిగించి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ప్రెజర్ మీదే పనిచేస్తుంది.

డబ్బా మీది అంకెల గురించి కూడా చెప్పాలి, మా సర్కిల్‌లోనే చాలామంది తప్పుగా అనుకుంటున్నారు. 5డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వింటర్, అది చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెప్పే అంకె. 0డబ్ల్యూని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మనకి లంబసింగిలో తెల్లవారుజామున కూడా అంత చలి రాదు కాబట్టి 0డబ్ల్యూనా 5డబ్ల్యూనా అని తల పగలగొట్టుకోనక్కర్లేదు. మన ఎండలకి పనికొచ్చేది రెండో అంకె. 40 అంటే వంద డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. బయట 43 డిగ్రీలు ఉంది కదా అని 50 పోయనక్కర్లేదు, ఇంజన్ వేడెక్కాక లోపల ఆయిల్ వేడి హైదరాబాద్‌లో అయినా జర్మనీలో అయినా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది.

అంకెల కన్నా నేను ముందు చూసేది డబ్బా వెనక ఫోక్స్‌వ్యాగన్ తన ఇంజన్ల ఆయిల్‌కి పెట్టిన 502.00 అనే స్టాండర్డ్ అప్రూవల్ ఉందా లేదా అని. "అప్రూవ్డ్" అని రాసి ఉండటం వేరు, "ఈ స్టాండర్డ్ ఉన్న బండ్లకు వాడొచ్చు" అని రాసి ఉండటం వేరు. మొదటిది కార్ల కంపెనీ పరీక్షించి ఇచ్చింది, రెండోది ఆయిల్ కంపెనీ తన మాటగా చెప్పుకునేది. 508.00 అని ఉంటే మాత్రం మన బండికి వద్దు, అది కొత్త ఇంజన్ల కోసం చేసిన 0డబ్ల్యూ-20, పాత వాటిలో పోయకూడదు.

మొదట ఆరు సార్లు షెల్ హెలిక్స్ అల్ట్రా 5డబ్ల్యూ-40 వాడాను, ఆ తర్వాత నుంచి మోటుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40. రెండూ ఫుల్ సింథటిక్, రెండిటికీ 502.00 ఉంది. నిజం చెప్పాలంటే నాకు పెద్ద తేడా తెలియలేదు. జాలీ శుభ్రం చేసి, ఆయిల్ పంపు మార్చి, 5డబ్ల్యూ-40 పోశాక గేజ్ పెట్టి చూశాం. బండి బాగా వేడెక్కాక ఐడిల్‌లో అంతకుముందు 0.7 బార్ చూపించిన ప్రెజర్ 1.7కి వచ్చింది. పొద్దున సౌండ్ ఒక సెకను కూడా ఉండటం లేదు. వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, ఈ వయసు టర్బోకి అది నాకు భయపడే సంగతిలా అనిపించలేదు. ఒకసారి షెల్ నుంచి మోటుల్‌కి మారింది ఆ రోజు షాపులో అది దొరకక, అంతకు మించి కారణం లేదు.

అసలు తేడా వచ్చింది ఎంత త్వరగా మారుస్తున్నాం అన్న దగ్గర. నా బండి మీటర్‌లో సగటు వేగం 18 కిలోమీటర్లు చూపిస్తుంది, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ తిరిగితే అంతకన్నా రాదు. ఆ లెక్కన 5,000 కిలోమీటర్లంటే దాదాపు 278 గంటలు ఇంజన్ నడిచినట్టు. అన్నే గంటలు 70 వేగంతో హైవే మీద నడిస్తే 19 వేల కిలోమీటర్లు పైనే అవుతుంది. కాబట్టి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు సిటీలో తిరిగే మన బండికి పనికిరావు. నేను 5,000 కిలోమీటర్లు లేదా ఎక్కువలో ఎక్కువ ఏడు నెలలు, ఏది ముందైతే అప్పుడు మారుస్తాను, ప్రతిసారీ ఫిల్టర్‌తో సహా. ఫిల్టర్ దగ్గర పొదుపు చేయొద్దు, నేను మాన్ కంపెనీ ఫిల్టరే వేస్తాను. నాలుగున్నర లీటర్లు పడుతుంది కాబట్టి నాలుగు లీటర్ల డబ్బాతో పాటు ఒక లీటర్ కూడా తీసుకోవాలి, మిగిలింది టాపప్‌కి డిక్కీలో ఉంటుంది.

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుంది అంటారు. నాకూ హెడ్ కవర్ దగ్గర చెమ్మ కనిపించింది. ప్యాకింగ్ తీసి చూస్తే ఎండిపోయి అప్పడంలా విరిగింది. కొత్తది వేశాక చుక్క కారలేదు. అప్పుడే బ్రీదర్ పైపులు కూడా మార్చాం, చేత్తో నొక్కితే పొడి అయ్యాయి. ఈ బండి ఉన్న వాళ్లు ఆయిల్ మీద ఖర్చు పెట్టే ముందు ఆ పైపులు ఒకసారి చూసుకోండి. అవి పాడైతే లోపలి ఆవిరి బయటకు పోక మడ్డి మళ్లీ తయారవుతుంది.

రేసింగ్ ఆయిల్ వాడమని కొందరు చెప్పారు. నేను వాడలేదు, వాడను. ట్రాక్ మీద గంట తిరిగాక ఆయిల్ తీసేసే బండికి అది సరే, ఆరేడు నెలలు మడ్డి పట్టకుండా కడుగుతూ ఉండటం దాని పని కాదు.

పాత హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, మిత్సుబిషి సెడియా ఉన్న మిత్రులు నా 5డబ్ల్యూ-40ని కాపీ కొట్టకండి, మీ మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ చూడండి. సెకండ్‌హ్యాండ్ బండి అయితే డీజిల్ లాంటివి పోసి లోపల కడిగే ఫ్లష్ జోలికి వెళ్లకుండా ముందు చాంబర్ దించి జాలీ చూపించమనండి. ఒక పూట పని.

ఇంకో సంగతి, ఆయిల్ డబ్బా సీల్ మీ కళ్ల ముందే తీయించండి. పోశాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో నాలుగు చోట్ల పొడిచి పారేయండి. మంచి కంపెనీ ఖాళీ డబ్బాలను పాత సామాన్ల వాళ్లు డబ్బులిచ్చి కొంటారు, వాటిలో ఏం నింపి మళ్లీ అమ్ముతారో మనకి తెలియదు. మా మెకానిక్ అన్నే నాకు ఈ అలవాటు చేశాడు, ఇప్పుడు నేను మర్చిపోయినా స్క్రూడ్రైవర్ ఆయనే తెచ్చిస్తాడు.